పాపాయమ్మగారి దావా

ఆత్రేయపురం పాపాయమ్మగారికి ఒకటే జబ్బు. తన దగ్గర పూతరేకులు నేర్చుకున్నవాళ్లెవరైనా సరే, పని మానేశాక జన్మలో రేకు తియ్యనని స్టాంపు కాగితం మీద వేలిముద్ర వెయ్యాల్సిందే.

అక్కడితో ఆగినా బాగుండేది. నెయ్యి తెచ్చే వెంకన్న చేత, తన గేదెల నెయ్యి ఇంకెవరి రేకు మీదా పడనివ్వనని వేలిముద్ర వేయించుకున్నారు. నేను రాజమండ్రిలో ఆవిడ వకీలుని. మొదటిరోజే నా ముందూ ఓ కాగితం పెట్టారు.

"ఏంటండి ఇది?"

"నా వకాల్తా మానేస్తే మీరింకెవరి తరఫునా వాదించకూడదండి."

"మరి నేను బతకొద్దూ?"

"పూతరేకులు పంపిస్తాలెండి. ముందిది తినండి."

తిన్నాను. ఆ తర్వాత సంతకం దానంతటదే పడిపోయింది.

పని మానేసిన మనిషిని, వచ్చిన విద్యతో బతకనివ్వకుండా కట్టిపడేసే ఒప్పందం చెల్లదని కాంట్రాక్టు చట్టంలో స్పష్టంగా ఉంది. ఆ మాట ఆవిడకి చెప్పి చెప్పి నా నోరు నొప్పెట్టింది. "చెల్లదండీ" అంటే "వెయ్యండీ" అనేవారు. పని మానేసిన శిష్యురాలు వీరవేణి మీద వేసి ఓడాం. సత్యకుమారి మీద వేసి ఓడాం. నన్ను చూడగానే కోర్టులో తీర్పు చెప్పే మునసబుగారు నవ్వు దాచుకోవడానికి రుమాలు వెతుక్కునేవారు.

తర్వాత లోవమ్మ వంతు వచ్చింది. పాపం, మొగుడు పడవ మీంచి పడి నడుం విరిగి మంచాన పడ్డాడు. అతన్ని వదిలి రాలేక ఆ పిల్ల పని మానేసి, బొబ్బర్లంక రేవులో తమ గుడిసె ముందే కుండ బోర్లించి రేకులు తియ్యడం మొదలుపెట్టింది. కొనే నాథుడు లేడు. పడవ దిగినవాళ్లంతా "తింటే పాపాయమ్మగారివే తినాలి" అంటూ ముందుకు సాగిపోయేవారు. ఇంట్లో పొయ్యి వెలగడమే కష్టమైపోయింది.

సరిగ్గా అప్పుడే పాపాయమ్మగారు నా గుమ్మంలో ప్రత్యక్షమయ్యారు.

"లోవమ్మ మీద దావా వెయ్యండి."

నాకు ఒళ్లు మండింది. "దాని మొగుడు మంచాన ఉన్నాడండి! కాస్తయినా జాలి లేదా మీకు?"

"గట్టిగా వెయ్యండి" అన్నారు.

బోనెక్కి ఆవిడ పెట్టిన గోల కోర్టు బయట చెట్టు కిందివాళ్లకి కూడా వినపడింది.

"అయ్యగారూ! దీని రేకు నా రేకు కన్నా పల్చనండి! ఇది రేవులో అమ్మితే నా యాపారం మునిగిపోద్దండి! నా మొహం చూసేవాడుండడండి!"

ఏడుస్తున్న లోవమ్మ ఏడుపాపి, నోరు తెరుచుకుని చూసింది. రుజువు కింద ఆవిడ దాఖలు చేసిన లోవమ్మ రేకులు తీర్పు వచ్చేలోపు మాయమయ్యాయి. అందులో నా పాత్ర కొంతే. ఒప్పందం చెల్లదన్నారు, దావా కొట్టేశారు.

కొన్నాళ్లకి పనుండి బొబ్బర్లంకలో దిగితే, లోవమ్మ పొయ్యి చుట్టూ జనం.

"పాపాయమ్మగారంతటావిడే బయపడి కోర్టుకెక్కారంటండి" అన్నాడు నా పడవవాడు. "ఆ రేకేంటో సూడాలి కదండీ!"

అప్పుడు వెలిగింది నా బుర్ర. దావా తర్వాతే వీరవేణికి గిరాకీ పెరిగింది. సత్యకుమారికీ అంతే. అమ్మకాలు బాగున్న శిష్యురాలి మీద ఆవిడ ఏనాడూ దావా వెయ్యలేదు!

పొయ్యి మీది కుండ కూడా ఎక్కడో చూసినట్టుంది. కొత్త కుండకి రేకు అంటుకుపోతుంది. ఏళ్ల తరబడి కాలి నునుపెక్కితేనే చక్కగా లేచివస్తుంది. ఇది సాక్షాత్తు పాపాయమ్మగారి కుండ.

"తీర్పయిన రోజే పంపించారండి" అంది లోవమ్మ కళ్లు తుడుచుకుంటూ. "ఇంకెవరికీ ఇవ్వనని ఏలిముద్ర కూడా ఏయించుకున్నారండి."

తిన్నగా ఆత్రేయపురం వెళ్లాను. "మీ మనసులో ఇదుంటే, మరి ఆ కాగితాలెందుకండీ?"

"కాగితం లేకపోతే దావా ఎలా వేస్తారండి? ఇంత చదివారు!" అని విసుక్కున్నారు. ఆ వెంటనే, ఈ సంగతి ఎవరికీ చెప్పనని నా చేత సంతకం పెట్టించుకున్నారు.

ఇప్పుడు చెప్పేశాను. ఆ ఒప్పందం మాత్రం చెల్లుతుందేమో నాకు తెలీదు. ఆవిడ ఎక్కడున్నా ఒక్కసారి వచ్చి నా మీద దావా వేస్తే, హాయిగా ఓడిపోతాను.