ఇట్సెల్ పేరు పెట్టిన కార్డు

వర్లీన్ టాలివర్ ఇరవై రెండేళ్ళ ఉద్యోగంలో ఎవరినీ చూసి కుళ్ళుకోలేదు. అలాగని ఆవిడేమీ దేవత కాదు. కుళ్ళుకోదగ్గ మనిషి ఆ లైబ్రరీకి అంతవరకు రాలేదు, అంతే. వచ్చేసరికి ఆవిడకి యాభై నాలుగు నిండాయి.

అమెరికాలో టొలీడో ఊరికి పడమటి వైపున్న చిన్న బ్రాంచి అది. లోపలికి వెళ్ళగానే కుడిచేతి మూల పన్నెండు నుంచి పద్దెనిమిదేళ్ళ పిల్లల పుస్తకాలుంటాయి. మంత్రాలు, డ్రాగన్లు, రోదసి నౌకలు, ఇంకా పుట్టని గ్రహాలు. ఆ మూల అంతా వర్లీన్ చేతి చలవే. ఆవిడ చిన్నప్పుడు అలాంటి పుస్తకాల్లో నక్షత్రాలకి వెళ్ళేవాళ్ళందరికీ పసుపుపచ్చ జుట్టే ఉండేది. తనలాంటి నల్లవాడొకడు పొరపాటున ఓడెక్కినా మూడో అధ్యాయం దాటేవాడు కాదు. ఆ కసి మనసులో పెట్టుకుని ఆవిడ ఒక్కొక్క పుస్తకమే తెప్పించింది. ఇప్పుడు ఆ అరల్లో నల్లపిల్లలు డ్రాగన్ల మీద ఊరేగుతారు, అరబ్బు కుర్రాళ్ళు అంగారకుడి మీద వంతెనలు కడతారు, చక్రాల కుర్చీలోని పిల్ల నౌక నడుపుతుంది. ఏ పుస్తకమూ వీపు చూపించదు. మొహాలన్నీ బయటికే.

ప్రతి పుస్తకం కిందా ఒక కార్డు ఉంటుంది. ఎందుకు చదవాలో సిబ్బందిలో ఎవరో నాలుగు ముక్కలు చేత్తో రాసి, కింద పేరు పెడతారు. వర్లీన్ కార్డులన్నీ ఒక్క తీరున ఉండేవి: "అవార్డు పొందిన నవల. నల్లజాతి కథానాయిక. ధైర్యం, వారసత్వం, న్యాయం. తప్పక చదవవలసినది." ముత్యాల్లాంటి రాత, తప్పులుండవు. ఒక్కదాంట్లో కూడా ఆవిడ ఉండదు.

సెప్టెంబరులో ఇట్సెల్ బరగాన్ వచ్చింది. ఇరవై ఆరేళ్ళు, ఊరికి దక్షిణాన ఉండే మెక్సికన్ల పిల్ల, నవ్వితే ఆ మూల నుంచి ఈ మూలకి వినబడుతుంది. వచ్చిన వారానికే ఒక కార్డు రాసి అంటించింది: "ఈ వారం మీ అమ్మతో అబద్ధమాడారా? అయితే ఇది మీకే. ఇందులో డ్రాగన్ కూడా ఆడింది." సాయంత్రానికి పుస్తకం లేదు. ఖాళీ, దాని కింద కార్డు. మర్నాడు ఇంకో ఖాళీ. క్రిస్మస్ వచ్చేసరికి ఇట్సెల్ కార్డులు ఉన్నచోటల్లా అర పళ్ళూడిన నోరులా కనబడేది. వర్లీన్ కార్డుల మీద మాత్రం పుస్తకాలు పెళ్ళిఫొటోకి నిలబడ్డట్టు కదలకుండా ఉండేవి.

"ఏం సిస్టర్, మళ్ళీ ఖాళీలు లెక్కపెడుతున్నావా?" అన్నాడు కౌంటర్ దగ్గర కూర్చునే క్లియోథా. ఇద్దరిదీ ఒకే చర్చి. ఆయనకి ఏడాదిలో రిటైర్మెంటు, నోటి అదుపుకి అప్పుడే ఇచ్చేశారు.

"నాకేం ఖర్మ? దుమ్ము తుడుస్తున్నా."

"పొద్దుట్నుంచీ అదే అర తుడుస్తున్నావు. దుమ్ము ఎప్పుడో పోయింది, ఇప్పుడు రంగు పోతోంది."

"నీ పని నువ్వు చూసుకో బ్రదర్."

ఇదంతా ఆవిడ ఓర్చుకునేదేమో. ఓర్చుకోలేనిది ఒడెస్సా సంగతి. ఒడెస్సా ప్రూయిట్‌కి తొమ్మిదేళ్ళప్పుడు మొదటి పుస్తకం చేతికిచ్చింది వర్లీనే. అప్పట్నుంచి ఆరేళ్ళు, ప్రతి గురువారం బడి వదలగానే ఆ పిల్ల సంచీ కింద పడేసి తిన్నగా వర్లీన్ బల్ల దగ్గరికే వచ్చేది. పిల్లలు లేని ఆవిడకి వారంలో గురువారం ఒక్కటే పండగ. జనవరిలో ఒక గురువారం ఆ పిల్ల బల్ల దాటుకుని ఇట్సెల్ స్టూలు దగ్గరికి పోయింది.

వర్లీన్ వెనకాలే వెళ్ళింది. "ఏం తల్లీ, నేను కనబళ్ళేదా?"

"కనబడ్డారండీ మిస్ వర్లీన్... అంటే..."

"నసక్కు. చెప్పు."

"మీరిచ్చేవి మంచివేనండీ. కానీ ప్రతిదాంట్లో నాలాంటి పిల్లే ఉంటుంది, ఆ పిల్ల పుట్టగానే రాజ్యం కూలిపోతుంది. దాన్ని మళ్ళీ ఆ పిల్లే నిలబెట్టాలి. తాతలకి జరిగిన అన్యాయం కూడా ఆ పిల్లే సరిచెయ్యాలి. నాకు ఆల్‌జీబ్రా పరీక్ష ఉందండీ. చదువుతుంటేనే అలసటొచ్చేస్తోంది."

"మరి ఆవిడేమిచ్చింది?"

"బల్లి కథ. చంద్రుడి మీద పోస్టాఫీసులో పనిచేస్తుంది. పనంటే, ఎగ్గొడుతుంది."

బల్లి! ఆ రాత్రంతా, మర్నాడు రోజంతా వర్లీన్ చెవిలో అదే మాట. ఆరేళ్ళు పెంచుకున్న పిల్లని ఒక బల్లి ఎత్తుకుపోయింది. కాదు, బల్లిని చూపించి ఆ నవ్వులమారిది ఎత్తుకుపోయింది. అరికాలి మంట నెత్తికెక్కింది. చర్చిలో పాడుతున్నా, పొయ్యి మీద ఆకుకూర ఉడుకుతున్నా, ఒడెస్సా తనని దాటిపోయిన ఆ నాలుగడుగులే కళ్ళముందు. ఆ పిల్లని వెనక్కి తెచ్చుకోకపోతే తన ఇరవై రెండేళ్ళూ గంగలో కలిసినట్టేనని ఆవిడకి అనిపించింది.

ఏప్రిల్‌లో ఏరివేత వచ్చింది. రెండేళ్ళపాటు ఎవరూ తీసుకెళ్ళని పుస్తకాల్ని అరల్లోంచి తీసేస్తారు. కంప్యూటర్ ఇచ్చిన జాబితాలో, వెనక అరల్లో పడి ఉన్న ఒక పాత నవల ఉంది. శనిగ్రహం చుట్టూ తిరిగే సరుకుల ఓడలో ఒక వంటపిల్ల కథ. వర్లీన్ పదమూడేళ్ళప్పుడు చదివింది. లోపల ఆ పిల్ల నల్లదని స్పష్టంగా రాసి ఉంది. అచ్చేసినవాళ్ళు మాత్రం అట్ట మీద పసుపుపచ్చ జుట్టుపిల్లని కూర్చోబెట్టారు. ఆ అట్ట చూసి సిగ్గుపడి, వర్లీన్ దానికి ఇన్నేళ్ళలో ఒక్క కార్డు కూడా రాయలేదు. మొహాలు సరిగ్గా ఉన్న పుస్తకాలే పిల్లలకి చూపించింది.

అప్పుడు ఆవిడకి దుర్బుద్ధి పుట్టింది. పిల్లలు పుస్తకం కోసం రావడం లేదు, పేరు చూసి వస్తున్నారు. ఇట్సెల్ పేరు పెడితే చచ్చిన పుస్తకం కూడా లేచి వెళ్తుంది. ఆ సంగతి తేల్చేసి క్లియోథా మొహాన కొట్టాలి. మధ్యాహ్నం వెనకగదిలో తలుపేసుకుని కూర్చుంది. తన ముత్యాల రాత మానేసి, ఇట్సెల్ లాగా అక్షరాలు విడివిడిగా రాసింది. వెటకారంగా రాద్దామనుకుంది. చెయ్యి ఇంకోటి రాసింది.

"అట్ట మీది పిల్ల అబద్ధం. పన్నెండో పేజీ చూడండి, ఆ పిల్ల నల్లగా ఉంటుంది. పిరికిది. కెప్టెన్ చచ్చిపోతే నేనే కెప్టెన్‌నని బొంకుతుంది. ఎవర్నీ రక్షించదు. నేను పదమూడేళ్ళప్పుడు స్నానాలగదిలో కుళాయి తిప్పుకుని చదివాను, ఏడుపు బయటికి వినబడకుండా." కింద ఇట్సెల్ అని పెట్టింది.

గురువారం నాలుగింటికి పుస్తకాన్నీ కార్డునీ పిల్లల మూలలో పెట్టింది. అయిదింటికి పుస్తకం లేదు, కార్డు కూడా లేదు. చూశారా, పేరే! గెలిచానని ముందు సంబరపడింది. ఆ వెంటనే ఒళ్ళు భగ్గుమంది. గెలిచింది తను కాదుగా, ఆ పేరు.

మళ్ళీ గురువారం ఒడెస్సా ఆ పుస్తకం పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. వర్లీన్ బల్ల దాటి, స్టూలు దగ్గరికి.

"మిస్ ఇట్సెల్, పుస్తకమంటే ఇదండీ! రెండుసార్లు చదివాను. మీ కార్డు కూడా తీసుకుపోయాను, సారీ."

ఇట్సెల్ కార్డు అందుకుని చదివింది. నవ్వు ఆగిపోయింది. ఒకసారి వర్లీన్ వైపు చూసింది. వర్లీన్ ఆపేసిన కంప్యూటర్లోకి దీక్షగా చూస్తోంది.

ఒడెస్సా గొంతు తగ్గించింది. లైబ్రరీలో గొంతు తగ్గిస్తే ఇంకా బాగా వినబడుతుంది. "మిస్ వర్లీన్ అయితే ఇలాంటిది జన్మలో ఇవ్వరండీ. ఆవిడకి ఏడుపంటే తెలీదు. మీకు ఎక్కడ ఏడుపొచ్చింది? చెప్పరూ?"

ఇట్సెల్ ఏదో ఒక పేజీ చెప్పేస్తే చాలు, ఆ కార్డు ఆవిడదైపోతుంది. ఆ ఏడుపు ఆవిడదైపోతుంది. ఒడెస్సా ఇక ఎప్పటికీ ఆవిడదే. అయినా ఇట్సెల్ కార్డు పట్టుకుని అలాగే కూర్చుంది, ఎవరికోసమో ఆగినట్టు.

పుస్తకాలు పోతే పోయాయి, ఖాళీలు పోతే పోయాయి, తన ఏడుపు కూడా దాని ఖాతాలో పడటమా? వర్లీన్ లేచి నిలబడింది.

"తొంభయ్యో పేజీ," అంది.

ఒడెస్సా వెనక్కి తిరిగింది.

"ఆ పిల్ల ఒక్కత్తీ కూచుని తన జుట్టుకి తనే నూనె రాసుకుంటుంది కదా, అమ్మ రాసేదని తలుచుకుంటూ. అక్కడ. మా అమ్మ పోయి అప్పటికి నాలుగు నెలలు. మా అత్త వింటే, పెద్దపిల్లవి ఏడుపేంటి అనేది. అందుకని కుళాయి."

కౌంటర్ దగ్గర క్లియోథా పుస్తకం మీద ముద్ర వెయ్యబోయి చెయ్యి ఆపేశాడు.

"మీరు రాశారా?" అంది ఒడెస్సా.

"నేనే."

"మరి ఆవిడ పేరెందుకు పెట్టారండీ?"

కొత్తమ్మాయికి సాయం చేద్దామనుకున్నానని చెప్పొచ్చు. పొరపాటని చెప్పొచ్చు. రెండూ వర్లీన్ నాలుక చివరిదాకా వచ్చాయి.

"కుళ్ళు, తల్లీ," అంది. "అచ్చమైన కుళ్ళు. నా కార్డుంటే నువ్వు దాటిపోతావు, ఆ అమ్మాయి కార్డుంటే ఎగురుకుంటూ వస్తావు. అంతా పేరు మహత్యమేనని తేల్చుకుందామని పెట్టా."

ఒడెస్సా కార్డు ఒకసారి, వర్లీన్ మొహం ఒకసారి చూసింది. కొత్తగా పరిచయమైన మనిషిని చూసినట్టు చూసింది. తర్వాత సంచీ ఈడ్చుకుంటూ వచ్చి వర్లీన్ బల్ల పక్కన కుర్చీలో కూలబడింది.

"అయితే ఇంకొన్నాళ్ళు కుళ్ళుకోండి మిస్ వర్లీన్. ఇలాంటివి ఇంకో నాలుగు రాయండి. మీరిచ్చిన వాటికి కూడా. వాటిల్లో మీకెక్కడ ఏడుపొచ్చిందో నాకు తెలీదుగా."

ఇట్సెల్ వచ్చి కార్డు బల్ల మీద పెట్టింది. తన పేరు కొట్టేసి, పెన్ను వర్లీన్ చేతికిచ్చింది. ఆ పేరు కూడా ఎంత ఒద్దికగా, ఒక్క గీతలో కొట్టేసిందో చూసేసరికి వర్లీన్‌కి మళ్ళీ ఒళ్ళు మండింది.