జలాల్ భాయ్ గిటార్

కొత్తవాడ జలాల్ ఇరవై ఏండ్లు పెండ్లి రిసెప్షన్లల్ల గిటార్ వాయించుకుంటనే పాడిండు. అందరు పాటనే తారీఫ్ చేసిండ్రు. గిటార్ ముచ్చట ఒక్కడెత్తితే ఒట్టు. గొంతు అల్లా ఇచ్చిండు, గిటార్ నేను కష్టపడి నేర్సుకున్న గదా అని ఆయనకు కడుపుల మంట.

క్యాన్సరొచ్చి దవాఖానల గొంతుపెట్టె తీసేసిండ్రు. ఇగ గిటారే దిక్కని, బ్యాండోళ్లకు చూపిద్దామని పాత పెండ్లి వీడియోలు తీసిండు. తీగెల మీద వేళ్లు ఆడుతానయ్, పాటొక్కటే మోగుతాంది. ఒక్క వీడియోల గూడ గిటార్ ఇనపడలే. ఆ పెండ్లిళ్లకు సౌండ్ సెట్ పెట్టిన మధుకు చూపిచ్చి, ఎందుకని కాయితం మీద రాసిచ్చిండు.

"నీ పాటకు అడ్డమొస్తదని జనానికి గిటార్ బంద్ పెట్టేటోన్ని, భాయ్. నువ్వు ఫీలైతవని, నీకొక్కనికే ఇనపడేటట్టు నీ ముంగటి బాక్సుల మాత్రం ఇడిసేటోన్ని."

జలాల్ నోరు తెరిచిండు. తిట్టేందుకు గొంతు లేదు.