కూల్‌డ్రింక్ సీసా

కోట నుంచి నెల్లూరు వచ్చే బస్సులో, పక్క సీటామె సంచిలో కూల్‌డ్రింక్ సీసా కనబడగానే మా నాలుగేళ్లవాడు అది కావాలని ఏడుపు లంకించుకున్నాడు. ఆమె నవ్వుతూ మూత తీసి, సీసా వాడి ముక్కు కిందే పెట్టింది. ఆ ఘాటుకు వాడు ఉక్కిరిబిక్కిరై కెవ్వుమన్నాడు.

"పసిబిడ్డతో ఇదేం పనమ్మా!" అని అరిచాను.

"రొయ్యల గుంటలో పోసే మందక్కా. మా పిలగాడికి ఇట్టా వాసన చూపించినోళ్లు లేరు. గటగటా తాగేసినాడు. ఆస్పత్రి దాకా గూడా రాలా."

"మరి ఇంకా ఈ సీసాలోనే తెస్తున్నావా?"

"గుంట ఓనరు దీంట్లోనే పోసిస్తాడు," అంటూ మూత బిగించింది.

మావాడిప్పుడు మూడో తరగతి. నేనిచ్చే పాలు కూడా వాసన చూడందే తాగడు.