సున్నం కొట్టిన బాన

ఆత్మకూరు బస్టాండు వెనక ఉన్న కల్లంగడిలో ఆదెయ్య నలభై ఏళ్లు కల్లు పోశాడు. పోయడం కూడా ఒక పనేనా అనేవాళ్లు ఆయన చేతి కల్లు తాగి ఉండరు. తెల్లారి ఉదయగిరి రోడ్డు తాటిచెట్ల నుంచి దిగిన కల్లును నడుమెత్తు మట్టిబానలో పోసి, మధ్యాహ్నం దాకా మూత కదిలించడు. ఆ బానను ఒక్కనాడూ తోమి ఎరగడు. అడుగున చెంబెడు పాత కల్లు వదిలి దాని మీదే కొత్తది పోస్తాడు. కిటుకంతా ఆ చెంబెడులోనే ఉంది.

మద్యనిషేధం ఎత్తేసిన మరుసటేడు, అంటే తొంభై ఎనిమిదిలో, అంగడి యజమాని రామనారాయణ మద్రాసు వెళ్లొచ్చాడు. అక్కడ ఏం చూశాడో ఏమో, తాత కట్టించిన అంగడిని బాగుచేయించి పాత కల్లునే కొత్త పద్ధతిలో అమ్ముతానన్నాడు. టేకు స్తంభాలకు పాలిష్ పట్టించాడు. నేలకు టైల్స్, పైన ఫ్యాన్లు, ఒక మూల ఫ్యామిలీ సెక్షన్. కల్లంగడికి పెళ్లాన్ని వెంటబెట్టుకుని ఎవరొస్తారో ఆదెయ్యకు బోధపడలేదు. పైగా ఆయనకు యూనిఫాంగా ఒక నీలం చొక్కా.

"ఓపెనింగు నాడు నీ కల్లు జనానికి నచ్చితే నువ్వే ఉంటావు. లేకుంటే కావలి నుంచి మనిషిని తెచ్చుకుంటా" అన్నాడు రామనారాయణ.

నలభై ఏళ్ల తర్వాత పరీక్ష! ఆదెయ్యకు కడుపు మండింది. అయినా ఆ అంగడి తప్ప ఆయనకు వేరే లోకం లేదు. పనులు జరిగిన పది రోజులూ బాన అడుగున ఉన్న పాత కల్లును ముంతలో ఇంటికి తీసుకుపోయి, రోజూ కాస్త కొత్తది కలుపుతూ పసిబిడ్డలా కాపాడాడు. ఓపెనింగు నాడు పొద్దున్నే దాన్ని బానలో వంపి, పైన కొత్త కల్లు పోసి మూతపెట్టాడు. బాన ఉన్న గదికి కిటికీ లేదు, పట్టపగలు కూడా చీకటే.

మధ్యాహ్నం మూత తీస్తే నురగ లేదు. చెవి ఆనిస్తే బుసబుస లేదు. వేలు ముంచి నాకితే తియ్యగా, చప్పగా ఉంది. చెట్టు మారిందా? చెయ్యి మారిందా? లేక ముసలితనంతో నాలుకే చచ్చిందా? ఎటూ పాలుపోలేదు. బయట ఓపెనింగుకు పిలిచిన ఆఫీసర్లు కూర్చుని ఉన్నారు. దేవుడి మీద భారం వేసి గ్లాసుల్లో పోశాడు.

వాళ్లు లొట్టలు వేశారు! ఫ్యామిలీ సెక్షన్లో ఒక బ్యాంకు ఆయన భార్య రెండో గ్లాసు అడిగింది.

రామనారాయణ ఆదెయ్య భుజం తట్టాడు. "ఈ రుచి ఇన్నేండ్లు ఎక్కడ దాచినావయ్యా? రేపట్నుంచి ఇదే పొయ్యాల. నువ్వే ఉండు."

నవ్వాలో ఏడవాలో ఆదెయ్యకు తెలియలేదు. అప్పుడే, అంగడికి రంగులు వేసిన జబీవుల్లా గుమ్మం దగ్గర నిలబడి పలకరించాడు. కల్లు సంగతి బొత్తిగా ఎరగని మనిషి.

"మామా, బాన ఎట్టుండాది? బయటే కాదు, లోపల కూడా రెండు కోటింగులు సున్నం కొట్టినా. ఎంత గబ్బుపట్టి ఉండిందో!"

సున్నం తగిలితే కల్లు పులవదు. పాపం, వాడు మేలు చేశాననే అనుకున్నాడు. ఆదెయ్య నేరుగా యజమాని దగ్గరికి వెళ్లాడు.

"అయ్యా, అది నా చేతి రుచి కాదు. సున్నం చేసిన పని."

"అయితే వారానికోసారి కొట్టిద్దాం. దానికేముండాది?" అన్నాడు రామనారాయణ.

ఇంతలో దుత్తలూరు ఆదినారాయణ కర్ర తాటించుకుంటూ వచ్చాడు. ముప్పై ఏళ్ల గిరాకీ. కళ్లకు పొరలు కమ్మి మనుషుల్ని పోల్చుకోలేడు. గ్లాసు ఆదెయ్యే తెచ్చి చేతికిచ్చాడు. పెద్దాయన ఒక గుక్క తాగి గ్లాసు పక్కన పెట్టేశాడు.

"ఏందిరా ఇది? ఈ పొద్దు మా ఆదెయ్య రాలేదా?"

ఆదెయ్య ఎదురుగానే నిలబడి ఉన్నాడు. నోరు విప్పితే గొంతు గుర్తుపడతాడని సిగ్గుతో చచ్చిపోయాడు. మధ్యాహ్నం నుంచీ పడిన తికమకంతా ఒక్క దెబ్బకు తీరిపోయింది.

లోపలికి వెళ్లి నీలం చొక్కా విప్పి కొక్కేనికి తగిలించాడు. బానలోని కల్లంతా పెరట్లో పారబోశాడు. బానను వాకిట్లోకి దొర్లించి, కొబ్బరిచిప్ప పట్టుకుని తల లోపలికి పెట్టాడు.

"నీకేమన్నా పిచ్చి పట్టిందా? కావలి మనిషికి కబురు పెట్టమంటావా?" అని రామనారాయణ అరుస్తూనే ఉన్నాడు.

ఆదెయ్య సున్నం గీకుతూనే ఉన్నాడు.