చక్కగా కుట్టిన కాజాలు

బుధవారం. రెండు పూటల వంట, బుట్టెడు బట్టలు, కందులు చెరగడం అయ్యాయి. సాయంత్రం మా మరిది శంకర్ పనిచేసే టైలర్ దుకాణానికి వెళ్ళాను. మనసు జబ్బుకు గోలీలు మొదలైనప్పటి నుంచి అతని చేతులు వణుకుతున్నాయి. అలాంటిది ఈ రోజు కాజాలు చక్కగా కుట్టాడని టైలర్ మెచ్చుకున్నాడు. మరిది పని బాగుందంటే భయపడిన వదిన నారాయణఖేడ్‌లో నేనొక్కదాన్నే కావచ్చు.

ఇంటికి వచ్చే దారిలో శంకర్‌ను అడిగాను. "గోలీలు మింగుతున్నవా?"

"బంద్ చేసిన వదినా. మింగితే చేతిల సూది ఆగుతలేదు. పని పోతే మల్ల ఇంట్ల కూసోవాల్నా?"

"పోయినసారి బంద్ చేసి అంత దూరం నాగల్‌గిద్ద దాకా నడిసిపోయినవు. మల్ల ఆ గొంతులు వినబడ్తే?"

"వినబడుతనే ఉన్నయి. కుట్టుకుంట వింటున్న."

రాత్రి అన్నం పక్కన గోలీ పెట్టాను. అన్నం తిని, గోలీని నా వైపు జరిపి, రేపు జల్దీ లేపమన్నాడు. మింగమని బలవంతం చేయాలా, పనికి లేపాలా? మీరైతే ఏం చేస్తారు?