మలుపు దగ్గర ఆగిన అడుగులు

లాండ్రీలో ఇస్త్రీ చేసే చిన్నకోడలికి పరుగు పిచ్చి అంటించింది ఆమె తోడికోడలే. ఒకే బల్లకి అటూ ఇటూ నిలబడి దుప్పట్లు మడిచేవారు, ఒకే వంటగదిలో కీచులాడుకునేవారు, తెల్లవారగానే కాలవగట్టు మీద పరిగెత్తేవారు. పెద్దకోడలికి ఎడమకాలు కాస్త ఈడ్పు. టప్పుమని ఒక అడుగు, సర్రుమని ఇంకొకటి. అందుకని ఇద్దరికీ ఒక ఒప్పందం ఉండేది. మలుపు దగ్గరికి ముందు చేరినవాళ్లు, రెండోవాళ్లు వచ్చేదాకా నిలబడ్డచోటే అడుగులు వేస్తూ ఆగాలి.

కలిసి మారథాన్‌కి వెళ్లాలని వాళ్ల పంతం. అది తీరకముందే వానాకాలంలో జ్వరం వచ్చి పెద్దకోడలు పోయింది. చిన్నది ఏడ్చింది తక్కువ, ఇస్త్రీపెట్టెని బల్లకేసి బాదింది ఎక్కువ. పంతం మాత్రం వదల్లేదు.

చలికాలంలో మూడు పోటీలు పెడతారు. వాటిలో ఒక్కదాన్నైనా గడువులోపు ముగిస్తేనే మారథాన్‌లో చోటు. మొదటి పోటీనాడు చాచిన చేతికి వేళ్లు కనబడనంత పొగమంచు. సగం దూరం పోయాక వెనకనుంచి వినబడింది. టప్, సర్. టప్, సర్.

తిరిగి చూస్తే తెల్లటి గోడ. మలుపు రాగానే ఆమె కాళ్లు వాటంతటవే ఆగి, ఉన్నచోటే ఆడసాగాయి. ఆ చప్పుడు వచ్చి పక్కన నిలిచింది. మెడ మీద తడిగుడ్డ వేసినట్టయింది. గడువు దాటిపోయింది. రెండో పోటీలోనూ అదే తంతు.

మెళ్లో ఎప్పుడూ ఈల వేలాడేసుకుని తిరిగే శిక్షకుణ్ణి అందరూ ఈలాయన అంటారు. ఆయన తల పట్టుకున్నాడు.

"రోడ్డు మధ్యలో ఆ కవాతేమిటమ్మా? బస్సుకోసమా?"

"మా అక్క వెనకబడితేనూ."



ఇంట్లో మొగుడు దుప్పటి ముసుగులోంచే సలహా పారేశాడు. గుమ్మం దాటని కాళ్లకి పరుగు గురించి తెలియనిదేముంది!

"చెవుల్లో దూది పెట్టుకోవే."

"మీ వదిన అరుపులకి మీరు పెట్టుకునేవారుగా, ఏమైనా లాభించిందా?"

ముసుగు బిగిసింది. లోపల్నుంచి గొంతు చిన్నగా వచ్చింది. "నిజంగా వదినేనంటావా?"

"ఆ ఈడ్పు ఇంకెవరికుంది?"

"ఏమైనా అడిగిందా?"

"అడగటానికేముంది? నేను వదిలేసి పోతానని భయం, అంతే."

ఇక మిగిలింది చివరి పోటీ. ఆరోజూ మంచే, ఆ వెనకే అదే చప్పుడు. మలుపు ఇంకాస్త దూరంలో ఉందనగా ఆమె కాళ్లు వాటంతటవే నెమ్మదించాయి. ఆగితే మారథాన్ పోతుంది, ఆగకపోతే మాట పోతుంది. రొప్పుతూనే కేకేసింది.

"అక్కా, ఇన్నాళ్లూ నేనే ఆగాను. ఈసారి నువ్వు ముందు పో! నేను నీ వెనకొస్తా!"

చప్పుడు ఠక్కున ఆగింది. మరుక్షణం చల్లటి గాలేదో ఆమె భుజాన్ని రాసుకుంటూ పోయింది. టప్, సర్ ముందునుంచి వినబడింది. కనుచూపులో మనిషి లేదు, రోడ్డు మీద అడుగుజాడ లేదు. మలుపు దగ్గర ఆ చప్పుడు ఒకేచోట ఆడుతూ ఆగింది, ఆమె చేరగానే మళ్లీ బయల్దేరింది. జన్మలో అంత వేగంగా పరిగెత్తి ఎరగదు. ఆ చప్పుణ్ణి వదలకుండా పడుతూ లేస్తూ పోయి గీత దాటింది.

గడువులోపే!

ఈలాయన ఈల చెవులు చిల్లులు పడేలా మోగింది. ఆ మోత తగ్గాక ఆమె చెవి రిక్కించింది. ఆ అడుగులు గీత దగ్గర ఆగలేదు. ఖాళీ రోడ్డు వెంబడే పోతున్నాయి, సన్నబడుతున్నాయి.

"అక్కా!" అని పిలిచింది. అవి ఆగలేదు.

బల్ల దగ్గర పేర్లు రాసుకునే అమ్మాయి తలెత్తింది. "మారథాన్‌కి మీరొక్కరేనాండీ?"

ఆమె మంచులోకి చూసింది, టప్, సర్ ఇక వినబడలేదు. వెనక జనం విసుక్కున్నారు.

"ఒక్కదాన్నే," అంది. అంటుంటే పళ్లు టకటక కొట్టుకున్నాయి. చలికేననుకుని ఈలాయన తన శాలువా తీసి కప్పాడు.