చంద్రకాంతమ్మ వాకిట్లో కరెంటు పెట్టె

తిరుపతిలో మా వీధి ఏర్పడిన కొత్తల్లో కరెంటు పేరుకే ఉండేది. పొద్దుగూకి అందరూ దీపాలు వేసుకునేసరికి బల్బులు ఆరిపోయే నిప్పుల్లా ఎర్రగా మిణుకుమనేవి. డెబ్బై తొమ్మిదిలో కరెంటు ఆఫీసు వాళ్ళు వచ్చి, భూమిలో లావాటి కేబులు వేస్తామని, వీధికంతా కరెంటు పంచే ఇనుప పెట్టె ఒకటి పెడతామని చెప్పారు. వీధి చూస్తే ఎద్దులబండి ఎదురొస్తే మనిషి గోడకు అంటుకోవలసినంత ఇరుకు. మూలింటి వాకిట్లో తప్ప పెట్టెకు ఎక్కడా చోటు లేదు. ఆ ఇంటాయన దేవరాజులు, ఇత్తడి సామాన్ల అంగడి నడిపే మనిషి. అడగగానే కాగితం మీద సంతకం పెట్టేశాడు.

అప్పుడు ఆయన భార్య చంద్రకాంతమ్మ ఊళ్ళో లేదు. చెల్లెలి కాన్పుకని వడమాలపేటలోని పుట్టింటికి వెళ్ళింది. వాళ్ళది పూలతోటల కుటుంబం. ఏ మొక్కకు ఎంత ఎండ కావాలో, ఏ వేరు ఎంత లోతు పోతుందో ఆమెకు చిన్నప్పటి నుంచే తెలుసు. పదో రోజు తిరిగొచ్చేటప్పుడు తడి గోనెపట్టాలో చుట్టి ముప్పై కనకాంబరం నారు తెచ్చుకుంది. వాటి కోసం వెళ్ళే ముందే వాకిట్లో నేల తవ్వి, ఎరువు కలిపి పెట్టింది.

మాది ఎదురిల్లు; చంద్రకాంతమ్మను నేను అత్తా అని పిలిచేదాన్ని. ఆ రోజు ఆమె గేటు తీసి అలాగే నిలబడిపోవడం నేనూ మా అమ్మ యశోదమ్మా చూశాం. ఎరువు కలిపిన చోట సిమెంటు దిమ్మె, దాని మీద గుండెల ఎత్తు బూడిద రంగు పెట్టె, దాని తలుపు మీద ఎర్రటి పుర్రె, రెండు ఎముకలు.

"ఇదేందయ్యా?" అంది.

"కరెంటు పెట్టె. ఇంగ మన వీధిలో లైట్లు బాగా ఎలగతాయి," అన్నాడు దేవరాజులు.

"ఒగ మాట నాకు సెప్పాలని తోచలేదా నీకు?"

"నువ్వు ఊళ్ళో లేవు గదా, నేనేం సేసేది? అందరికీ మంచిదే గదా అని..."

ఆమె నారు తీసుకుపోయి బావి పక్కన నీడలో పెట్టింది. రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు.

అసలు దెబ్బ మాత్రం ఆమె అత్త సిద్ధమ్మకు తగిలింది. డెబ్బై దాటిన ఆ ముసలామె పాకాల దగ్గరి పల్లె వదిలి కొడుకు దగ్గరికి వచ్చి రెండేళ్ళయింది. ఊరు కొత్త, మనుషులు కొత్త. పొద్దున్నే ఇంటి ముందు తిన్నె మీద కూర్చుని దారిన పోయేవాళ్ళను పలకరించడం ఒక్కటే ఆమెకు కాలక్షేపం. పెట్టె తలుపు సరిగ్గా ఆ తిన్నెకు ఎదురుగా పడింది. మూడో రోజుకే ఆమె తన చాప చుట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

"ఆ పుర్రె నన్నే సూస్తా ఉండాది. నేను ఆడ కూసోను," అంది.

కొడుకు నవ్వాడు. కోడలు నవ్వలేదు. చీకటి గదిలో గోడకేసి తిరిగి పడుకుంటున్న అత్తను చూసి చంద్రకాంతమ్మ మనసు కుదుట పడలేదు. ఆమెకు తెలిసిన మందు ఒకటే. పెట్టె మొదట్లో నాలుగు చిక్కుడు గింజలు నాటింది.

రెండు నెలల్లో చిక్కుడు తీగ పెట్టెను మింగేసింది. పుర్రె లేదు, ఇనుము లేదు, అంతా ఆకులూ ఊదారంగు పూలూ. సిద్ధమ్మ మళ్ళీ తిన్నె మీదికి వచ్చి కూర్చుని చిక్కుడుకాయలు వలిచింది. మా ఇంటికీ ఒక గంపెడు వచ్చాయి. కోడలు పనికి ఆమె మురిసిపోవడం చూసి దేవరాజులు కూడా మీసాల్లో నవ్వుకున్నాడు.

కార్తీకంలో వానలు పట్టుకున్నాయి. ఒక సాయంత్రం పెట్టెలో నుంచి పటపటమని చప్పుడు, ఆకుల మధ్య నుంచి నీలం రవ్వలు. వీధి మొత్తం దీపాలు ఆరిపోయాయి. లైన్‌మన్ ఆదిమూలం సైకిల్ మీద హడావుడిగా వచ్చాడు. కానీ తలుపు తెరుచుకోలేదు. తీగలు పెట్టె గాలి రంధ్రాల్లోకి దూరిపోయి ఉన్నాయి. సబ్‌స్టేషన్‌లో కరెంటు ఆపించి, కొడవలితో తీగంతా కోసి లాగి, తలుపు తీసేసరికి గంటకు పైగా పట్టింది.

"అక్కా, తడి తీగ మింద ఎవరైనా సెయ్యి ఏసింటే ఏమయ్యేది? కాయలు కోసేది మీ అత్తే గదా!" అని ఆదిమూలం అందరి ముందరా అరిచాడు.

చంద్రకాంతమ్మను వీధిలో వాళ్ళు తలా ఒక మాట అన్నారు. మా అమ్మ కూడా ఏదో అంది, తర్వాత బాధపడింది. మరునాడు పొద్దున బోసిగా, మసి పట్టి నిలబడిన పెట్టెను చూసి సిద్ధమ్మ మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది. ఈసారి అన్నం కూడా గదిలోకే పెట్టించుకుంది.

పెట్టె బాగు చేయడానికి ఆదిమూలం ఆ రోజే వచ్చాడు. పని అయ్యేదాకా చంద్రకాంతమ్మ దూరంగా నిలబడి, ఆఖరున ఒక చెంబు మజ్జిగ ఇచ్చింది.

"సేసింది తప్పే, ఆదిమూలం. అయితే ఒగటి సెప్పు. ఏం సెయ్యగూడదో కాదు, ఏం సెయ్యొచ్చో సెప్పు."

అతను ఆ ప్రశ్న అంతకు ముందు ఎవరి దగ్గరా విన్నట్టు లేదు. మజ్జిగ తాగుతూ పెట్టె చుట్టూ తిరిగి చూశాడు. తర్వాత సున్నపుముక్క తెచ్చి నేల మీద గీత గీశాడు. తలుపు ముందు మూడున్నర అడుగులు ఖాళీ ఉండాలి, తను నిలబడి పని చేసుకోవాలి కాబట్టి. మిగిలిన మూడు పక్కలా రెండడుగులు. పెట్టెకు ఆకు కూడా తగలకూడదు, దాని మొదట్లోకి నీళ్ళు పారకూడదు. గీతకు ఇవతల ఆమె ఇష్టం.

"కేబులు యాడ పోతాది?" అని అడిగింది.

"రోడ్డు పక్క నుంచి వస్తాది. ఈ పక్కంతా ఏమీ లేదు, బాగా తవ్వుకో," అని తూర్పు వైపు చూపించాడు.

వాన వెలిశాక ఆమె గడ్డపార పట్టుకుంది. నందివర్ధనం నాటడానికి తూర్పున మోకాలి లోతు గుంట తీస్తుంటే గడ్డపార దేనికో కొట్టుకుని ఖంగుమంది. చేత్తో మట్టి తీసి చూస్తే ఇటుకలు, ఒకదాని పక్కన ఒకటి వరసగా పరిచి ఉన్నాయి. కిటికీలో నుంచి చూస్తున్న సిద్ధమ్మ, "ఏమ్మే, ఎవరన్నా బిందె పూడ్సి పెట్టినారేమో సూడు!" అంది. ఆమె నోట అంత ఉత్సాహం విని చాలా రోజులైంది. చంద్రకాంతమ్మ ఒక ఇటుక లేపింది. కింద మెత్తటి ఇసుక. వడమాలపేటలో గానీ ఇక్కడ గానీ నేలలో అంత శుభ్రమైన ఇసుక ఉండదు. ఎవరో తెచ్చి పోసి ఉండాలి. గడ్డపార మళ్ళీ ఎత్తబోయి ఆగిపోయింది. దాన్ని పక్కన పెట్టి, నన్ను కేకేసి, ఆదిమూలాన్ని పిలుచుకు రమ్మంది.

అతను వచ్చి గుంటలోకి చూశాడు.

"కేబులు దీని కిందనే ఉండాది అక్కా. ఇటుకలు పరిసేది అందుకే, తవ్వేవాళ్ళు సూసి ఆగాలని. దారిలో బండ అడ్డమొచ్చి ఇటు తిప్పినట్టుండారు. నేను ఆఫీసులో అడక్కుండానే నీకు సెప్పేసినా." అక్కడే మట్టిలో కూర్చుండిపోయాడు. "తప్పు నాది."

"నాదొగటి, నీదొగటి. సరిపోయింది, లే," అంది ఆమె.

ఆ తర్వాతి ఆదివారం అతను ఆఫీసులో కేబులు దారి గీసిన కాగితం చూసి రాసుకుని వచ్చాడు. ఇద్దరూ తాడు పట్టుకుని కొలిచి, కేబులు పోయే దారి పొడుగునా చిన్న రాళ్ళు పాతారు. దాని మీద తవ్వే పనే లేకుండా, నోళ్ళు విరిగిన కుండల్లో మట్టి నింపి చంద్రకాంతమ్మ కనకాంబరాలు పెట్టింది. బావి పక్కన ఇన్నాళ్ళూ కాపాడుకొచ్చిన నారులో పంతొమ్మిది బతికాయి. పెట్టె చుట్టూ గీత లోపల స్వర్ణముఖి ఏటి గులకరాళ్ళు పరిచింది. అక్కడ కలుపు రాదు, నీళ్ళు నిలవవు. రాళ్ళు మోసింది దేవరాజులే. అంగడి మూసి వచ్చి, చెప్పకుండానే, వారం రోజులు సైకిలు వెనక సంచి కట్టుకుని మోశాడు. తిన్నె వైపు మూడున్నర అడుగులు వదిలి వెదురు దడి కట్టి, దానికి సన్నజాజి పాకించింది. ఆదిమూలం వీధి వైపు నుంచి దడి వెనక్కి నడిచి వెళ్ళి తలుపు తీసుకోవచ్చు. మిగిలిన పక్కల నందివర్ధనం, గోరింట.

ఆరు నెలలు పట్టింది. మొదట దడి ఒట్టి వెదురుగానే ఉండి, పెట్టె కన్నా అదే వికారంగా ఉందని మా నాన్న అన్నాడు. ఎండాకాలానికి జాజి పైకి పాకింది. ఒక రోజు పొద్దున సిద్ధమ్మ గుమ్మం పట్టుకుని తొంగి చూసింది.

"పుర్రె యాడికి పోయింది?"

"ఈడనే ఉండాది అత్తా. ఆదిమూలాన్ని సూస్తా ఉండాది," అంది కోడలు.

ముసలామె నోరు తెరిచి నవ్వింది. చాప తెప్పించుకుని కూర్చుంది. ఆ తర్వాత నాలుగేళ్ళు, కన్ను మూసే దాకా, ఆమె పగలంతా ఆ తిన్నె మీదే గడిచింది. శుక్రవారం వీధిలో ఆడపిల్లలందరికీ కనకాంబరాల మాల ఆమె చేతి మీదుగానే అందేది. నా పెళ్ళినాటి జడ కూడా ఆమె కట్టిన పూలదే.

మధ్యలో ఒకసారి ఆఫీసు నుంచి ఒక ఇంజనీరు తనిఖీకి వచ్చాడు. అంతా పీకేయమంటాడని చంద్రకాంతమ్మ అనుకుంది. ఆయన టేపు పెట్టి కొలిచి, గోరింట జానెడు ముందుకు వచ్చిందని, తీసి నాటమన్నాడు. అంతే. ఆయన వీధి మలుపు తిరిగేలోగా ఆమె గడ్డపార పట్టుకుంది.

తర్వాత ఎవరెవరో వచ్చి చూసి, తమ ఇంటికీ రమ్మనేవాళ్ళు. ఒకరి వాకిట్లో నీళ్ళ మోటారు పెట్టె, ఇంకొకరి ఇంటి ముందు కరెంటు స్తంభం ఒరగకుండా లాగి కట్టిన తీగ. చంద్రగిరిలో ఒక బడి హెడ్మాస్టరు కబురు పెడితే రోజూ బస్సులో వెళ్ళి వారం రోజులు పని చేసి వచ్చింది. ఎక్కడికి వెళ్ళినా ముందు ఆ ఊరి లైన్‌మన్ను పిలిపించి గాని పార ముట్టేది కాదు.

ఎనభై ఏడులో, నేను పాకాలలో కాపురం ఉన్నప్పుడు, మా మెట్ల పక్కన బోరు మోటారు పెట్టె ఒకటి వచ్చింది. తుప్పు రంగుది, వంకరగా ఉండేది. చంద్రకాంతమ్మకు కార్డు రాస్తే రైలెక్కి వచ్చింది. కాఫీ తాగి, పెట్టె దగ్గరికి పోకుండా నా వైపు తిరిగింది.

"నువ్వు రోజూ యాడ కూసుంటావే? పోయి ఆడ కూసో."

మెట్టు మీద కూర్చున్నాను. ఆమె ఒక ఆకుల కొమ్మ విరిచి, పెట్టెకు ముందు అటూ ఇటూ జరుపుతూ నిలబడింది.

"ఇప్పుడు అగపడతా ఉండాదా?"

"ఉండాది అత్తా."

"ఇప్పుడు?"

"ఇంకా కొంచెం."

ఒక అడుగు పక్కకు జరిగి, కొమ్మను భుజం ఎత్తుకు లేపింది.

"ఇప్పుడు?"

"లేదు," అన్నాను. ఆమె వంగి, సరిగ్గా ఆ చోట, కాలి బొటనవేలితో మట్టిలో గుర్తు పెట్టింది.